పాత కంప్యూటరుకు పునర్జన్మ

గోదావరి డెల్టా పటాన్ని ఎదుట పరచుకొని చూసినవారికి ఒక సంగతి వెంటనే బోధపడుతుంది. ధవళేశ్వరం వద్ద కట్టకు ఆగిన నీరు తూములు దాటి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలుగా చీలుతుంది. వాటి నుండి పంట కాలువలు, పంట కాలువల నుండి బోదెలు విడివడి చివరకు ప్రతి చేనుకూ నీరు చేరుతుంది. ఒక పాత కంప్యూటరు మూత విప్పి, అందులోని చిప్‌లన్నింటినీ ఊడదీసి, మిగిలిన ఆకుపచ్చని పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకొంటే కనిపించే దృశ్యం ఇంచుమించు ఇటువంటిదే. పలకకు ఇరువైపులా సన్నని రాగి గీతలు. కొన్ని వెడల్పుగా ఉండి విద్యుత్తును మోసుకొని వస్తాయి. తక్కినవి వెండ్రుకల వలె సన్నగిల్లి, ఒక్కొక్క చిప్ కాలికీ ఒక్కొక్క సంకేతాన్ని అందిస్తాయి. ఈ పలకనే మదర్‌బోర్డు అంటారు.

ఈ పోలికలో మరొక అంశం కూడా ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట శతాబ్దానికి పైగా సేవలందించి శిథిలావస్థకు చేరింది. దాని స్థానంలో నిర్మించిన బ్యారేజీ 1982లో పూర్తయింది. ఆనకట్ట మారినా ప్రధాన కాలువలు పాతవే. అవి మిగిలి ఉండబట్టే కొత్త కట్టడం పాత డెల్టాను సాగు చేయగలిగింది. వట్టి మదర్‌బోర్డు నుండి కంప్యూటరును తిరిగి నిర్మించడం కూడా ఇటువంటి పనియే. గీతలు చెడకుండా ఉంటే, వాటి మీద నిలిచిన భాగాలను ఒక్కొక్కటిగా మార్చుతూ యంత్రానికి మళ్ళీ ప్రాణం పోయవచ్చు.

ఇక్కడ చెప్పబోయే కంప్యూటరు పేరు బి.బి.సి. మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన ఎకార్న్ అనే సంస్థ దీనిని రూపొందించి, 1981 డిసెంబరులో విడుదల చేసింది. ఆ కాలంలో ఇటువంటివాటిని గృహ కంప్యూటర్లు అనేవారు. కీబోర్డు, లోపలి యంత్రం ఒకే పెట్టెలో ఉంటాయి. తెరగా ఇంట్లోని టెలివిజనును, రాసిన ప్రోగ్రాములు దాచుకొనడానికి పాటల టేపురికార్డరును వాడుకొనేవారు. ఇందులోని మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం దానికి దాదాపు నూరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది.

భారతదేశపు బడి పిల్లలలో ఒక తరానికి కంప్యూటరు అంటే ఇదే. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకాన్ని ప్రారంభించింది. ‘కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్’ అన్నది దాని పూర్తి పేరు. ఈ పథకం కింద సుమారు 12,000 బి.బి.సి. మైక్రోలు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా దేశంలోని ఉన్నత పాఠశాలలకు చేరాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వరంగ సంస్థ ఈ యంత్రాన్ని మన దేశంలో తయారు చేసే బాధ్యత స్వీకరించింది. 1989 ఫిబ్రవరిలో ఆ కర్మాగారం అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నది. తరువాతి దశాబ్దంలో కొత్త తరం పర్సనల్ కంప్యూటర్లు రావడంతో ఈ పాత యంత్రాల పని ముగిసింది.

కంప్యూటరును కొని తెచ్చుకొనడం ఒక విద్య. దానిని తయారు చేయడం వేరొక విద్య. ఈ రెండవ విద్య మన దేశంలో వేళ్ళూనడానికి కారకులైనవారిలో ఒకరు గోదావరి డెల్టా బిడ్డ. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరానికి సమీపంలోని మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే అధ్యాపకులై, ఆపై టాటా విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అభ్యసించారు. (అల్లూరి సీతారామరాజు పూర్వికుల ఊరు కూడా మోగల్లే.) స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరారు. 1956 ఆగస్టులో పని ప్రారంభించిన ‘అప్సర’ అణు రియాక్టరుకు అవసరమైన నియంత్రణ పరికరాలను ఆయన నాయకత్వంలోని ఇంజనీర్లు ఇక్కడే తయారు చేశారు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఆయనే తొలి సారథి. ఆ సంస్థ నుండి 1969లో వెలువడిన టి.డి.సి.-12 అనే 12 బిట్ల యంత్రం భారతదేశంలో వాణిజ్యస్థాయిలో తయారైన కంప్యూటర్లకు ఆద్యం. 2003లో కన్నుమూసిన ఆ మహనీయుని పేరు హైదరాబాదులోని ఎ.ఎస్. రావు నగర్‌లో నిలిచి ఉన్నది. హైదరాబాదులో సొంతంగా కంప్యూటర్లు తయారవుతున్న కాలంలోనే మన బడులకు విలాయతీ నమూనా రావడం ఒక వింత. బడికి కావలసినది చౌకైన చిన్న యంత్రం, ఇ.సి.ఐ.ఎల్. చేసినవి పరిశోధనశాలలకూ కర్మాగారాలకూ ఉద్దేశించిన పెద్ద యంత్రాలు కావడం అందుకు కొంత కారణం కావచ్చు.

పాత యంత్రం పూర్తిగా దొరికితే శుభ్రం చేసి నడుపుకోవచ్చు. కానీ తరచుగా దొరికేది వట్టి బోర్డే. పనికివచ్చే చిప్‌లను ఎవరో ముందే ఊడదీసుకొని ఉంటారు. లేదా ఏళ్ళ తరబడి తేమలో పడి ఉండడం వలన చిప్‌ల కాళ్ళు తుప్పుపట్టి విరిగిపోయి ఉంటాయి. కాకినాడ, నరసాపురం, అంతర్వేది వంటి సముద్రతీర ప్రాంతాలలో గాలిలోని ఉప్పు రాగికి బద్ధశత్రువు. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు కోనసీమ తుపాను వంటి ఉపద్రవాలలో నీట మునిగిన విద్యుత్ పరికరాల సంగతి చెప్పనక్కరలేదు. అయినా నీరు తగిలిన బోర్డు చచ్చినట్లే అని తీర్మానించడం పొరపాటు. బోర్డును అసలుగా చెరచేది నీటి తాకిడి కాదు. ఆరిన తరువాత మిగిలిన ఉప్పు, బురద తేమను పీల్చుకొంటూ సంవత్సరాల పాటు రాగిని తినివేయడం.

కనుక మొదటి పని కడగడం. శుభ్రమైన నీటితో బురద వదిలించి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తని కుంచె పెట్టి రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత భూతద్దం చేతబట్టి ప్రతి గీతనూ పరిశీలించాలి. ఆకుపచ్చని చిలుము కనిపించిన చోట దానిని గీకివేసి, గీత తెగిందో లేదో మల్టీమీటరుతో చూడాలి. తెగిన చోట సన్నని రాగితీగతో వంతెన వేయవచ్చు. దాదాపు నూరు చిప్‌లు కూర్చుండే బోర్డులో ఈ పరిశీలనకే రోజులు పడతాయి. ఓపిక లేనివారు ఈ దశను దాటవేసి, తరువాత నెలల తరబడి ఎక్కడ లోపమున్నదో తెలియక తికమక పడతారు.

తరువాతిది అతుకు పని. పూర్వం వీథులలో కళాయి పూసేవారు వచ్చేవారు. ఇత్తడి గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, గుడ్డతో తుడుస్తూ తగరాన్ని పూసేవారు. నవసాగరం లేకపోతే తగరం పట్టదు. ఏలనగా లోహం మీద గాలి వలన ఏర్పడిన పొర అడ్డుపడుతుంది. నవసాగరం ఆ పొరను తొలగిస్తుంది. సోల్డరింగు వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. ఇక్కడ నవసాగరం బదులు ఫ్లక్స్ అనే పదార్థాన్ని వాడతారు. అరవై పాళ్ళు తగరం, నలభై పాళ్ళు సీసం కలిసిన సోల్డరు 183 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడడం మొదలై, 190 డిగ్రీలు దాటేసరికి నీరవుతుంది. వేడి చాలకపోతే అతుకు లోపల పట్టు లేకుండా ఉంటుంది. వేడి మించితే రాగిగీత పలక నుండి ఊడి లేచిపోతుంది. చిప్‌లను నేరుగా అతికించకుండా వాటి స్థానంలో సాకెట్లు అతికించి, చిప్‌ను అందులో గుచ్చడం వివేకం. రేపు ఒక చిప్ చెడినదని తేలితే బోర్డుకు మళ్ళీ వేడి తగలనవసరం ఉండదు.

ఇక విద్యుత్తు. ఈ దశలో ఆదమరిస్తే యంత్రానికే కాదు, మనిషికీ ప్రమాదం. ఇంటి గోడలోని 230 వోల్టులను ధన 5 వోల్టులుగా మార్చే పెట్టె ఈ కంప్యూటరులో ఎడమవైపున ఉంటుంది. దానిలో కరెంటులోని అలజడులను వడకట్టడానికి కాగితపు పొరలతో చేసిన కెపాసిటర్లు ఉన్నాయి. ఇవి నేరుగా 230 వోల్టుల మీదనే నిలిచి ఉంటాయి. కాలక్రమంలో వీటి పై తొడుగు బీటలు వారుతుంది. ఆ బీటల గుండా తేమ లోపలి కాగితానికి చేరుతుంది. ఆపై ఎవరైనా స్విచ్చి వేసిన కొద్ది నిమిషాలకు చిటపటమని శబ్దం, దట్టమైన పొగ, భరింపరాని దుర్వాసన. ముప్ఫై ఏళ్ళు అటక మీద ఉన్న యంత్రాన్ని ఆతురతతో వెలిగించిన ఎందరికో ఎదురైన అనుభవమిది. ఏడాది పొడుగునా గాలిలో తేమ ఉండే డెల్టా ప్రాంతంలో ఈ కెపాసిటర్లను ముందుగానే మార్చివేయడం తప్పనిసరి. ఆ పని విద్యుత్ పరికరాలు తెలిసినవారే చేయాలి. ప్లగ్గు తీసివేసినంత మాత్రాన ఆ పెట్టె నిరపాయం కాదు; లోపలి పెద్ద కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును దాచుకొని ఉంటాయి.

బోర్డులోకి 5 వోల్టుల విద్యుత్తు ఒకే చోట కాక మూడు జతల తీగల ద్వారా మూడు చోట్ల ప్రవేశిస్తుంది. డెల్టాకు మూడు ప్రధాన కాలువలున్నట్లే అనుకోవచ్చు. ఒక జత వదులైతే ఆ భాగంలోని చిప్‌లకు వోల్టేజి తగ్గి యంత్రం పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. కనుక చిప్‌లు పెట్టకముందే ప్రతి సాకెట్టు వద్దా కొలవాలి. కొలత 4.75 వోల్టులకు తగ్గరాదు, 5.25 దాటరాదు. అప్పుడే మొదటి చిప్‌ను చేతిలోకి తీసుకోవాలి. పొడి గాలిలో మనిషి ఒంటి మీద చేరే స్థిరవిద్యుత్తు చిప్‌లను చెరచగలదు కాబట్టి పనిచేసేవారు చేతికి భూమితో కలిపిన పట్టీ కట్టుకొంటారు. గోదావరి తీరపు ఉక్కపోత ఈ ఒక్క విషయంలో మాత్రం మేలు చేస్తుంది. తేమ గాలిలో స్థిరవిద్యుత్తు అంతగా నిలవదు.

కంప్యూటరుకు గుండె వంటిది గడియారపు స్పందన. ఒక చిన్న స్ఫటికం క్షణానికి కోటీ అరవై లక్షల సార్లు కంపిస్తుంది. దానిని భాగించి వేర్వేరు చిప్‌లకు కావలసిన వేగాలను తయారు చేస్తారు. ప్రధానమైన 6502 అనే ప్రాసెసరు చిప్‌కు అందేది క్షణానికి ఇరవై లక్షల స్పందనలు. ఈ స్పందన లేనిదే తక్కిన భాగాలన్నీ ఉన్నా లేనట్లే. 6502 నేటికీ అమెరికాలో కొద్ది మార్పులతో తయారవుతూనే ఉండడం విశేషం. అయితే కొత్త చిప్‌ను పాత సాకెట్టులో కళ్ళు మూసుకొని గుచ్చరాదు. పాత చిప్‌లో మొదటి కాలు భూమికి కలిపేది. కొత్తదానిలో అదే కాలు నుండి ఒక సంకేతం బయటికి వస్తుంది. ఆ కాలిని విడిగా ఉంచకపోతే చిప్ దెబ్బతినవచ్చు.

ప్రాసెసరు బాగున్నదో లేదో తెలుసుకొనడానికి ఒక చమత్కారమైన పరీక్ష ఉన్నది. మెమరీ నుండి ఆదేశాలు వచ్చే ఎనిమిది గీతలను విడదీసి, ‘ఏ పనీ చేయకు’ అనే అర్థమిచ్చే సంకేతం వాటి మీద శాశ్వతంగా ఉండేటట్లు కట్టివేస్తారు. ప్రాసెసరు ఒక చిరునామాకు వెళ్ళి ఆదేశం అడుగుతుంది. ‘ఏ పనీ చేయకు’ అని సమాధానం వస్తుంది. సరేనని తరువాతి చిరునామాకు పోతుంది. అక్కడా అదే సమాధానం. ఈ విధంగా అది 65,536 చిరునామాలను వరుసగా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పదహారు చిరునామా గీతలనూ పరీక్షిస్తే ప్రతి గీతా తన ముందు గీతకు సగం వేగంతో ఊగుతుండాలి. ఏ గీతైనా కదలకుండా ఉన్నా, పక్క గీతతో కలిసి ఊగినా లోపం అక్కడే ఉన్నది. ఇంటింటికీ తిరిగి తలుపు తట్టే జనాభా లెక్కల ఉద్యోగి వలె ప్రాసెసరు తనకు తెలియకుండానే వీథులన్నింటినీ తనిఖీ చేసి పెడుతుందన్న మాట.

మెమరీకి పదహారు చిప్‌లు. ఒక్కొక్కటి 16,384 బిట్లను భద్రపరచగలదు. అన్నీ కలిసి 32,768 బైట్లు. ఈ యంత్రంలో తెర మీద కనిపించే బొమ్మ కూడా ఈ మెమరీలోనే ఉండడం మరమ్మతు చేసేవారికి కలిసివచ్చిన అంశం. ఒక చిప్ చెడితే తెర మీద క్రమం తప్పకుండా నిలువు గీతలో, చుక్కలో కనిపిస్తాయి. అనుభవజ్ఞుడు ఆ చుక్కల తీరు చూసి, తప్పు ఏ చిప్‌లో ఉన్నదో ఇట్టే చెప్పగలడు.

ఇంతవరకు చెప్పినవన్నీ శరీర భాగాలు. వీటిని నడిపే జ్ఞానం రామ్ కాదు, రోమ్ అనబడే చిప్‌లలో ఉంటుంది. రామ్‌లోనిది కరెంటు పోగానే చెరిగిపోతుంది. రోమ్‌లోనిది నిలిచి ఉంటుంది. బి.బి.సి. మైక్రోలో 16 కిలోబైట్ల రోమ్ ఒకటి యంత్రాన్ని నడిపే వ్యవస్థను, అంతే పరిమాణం గల మరొకటి బేసిక్ భాషను మోస్తాయి. ఈ చిప్ పోతే దాని బదులు మరొక ఖాళీ చిప్ కొన్నంత మాత్రాన ప్రయోజనం లేదు. అందులోని అక్షరాలు కావాలి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. తాటాకుకు ఆయుర్దాయం పరిమితం. అయినా పూర్వికుల కావ్యాలు నేటికి చేరాయంటే, ఆకు శిథిలం కాకముందే ఎవరో కూర్చుండి కొత్త ఆకుల మీద ప్రతి రాసినందువలననే. రోమ్ విషయంలోనూ చేయవలసినది ప్రతి రాయడమే. ముఖ్యంగా ఈపీరోమ్ అనే రకంలో అక్షరాలు అతి సూక్ష్మమైన విద్యుదావేశం రూపంలో నిలుస్తాయి. ఆ ఆవేశం దశాబ్దాల తరబడి మెల్లమెల్లగా జారిపోతుంది. చిప్ నడినెత్తిన ఉండే గాజు కిటికీ మీది కాగితం ఊడిపోయి, ఏళ్ళ తరబడి ఎండ తగిలినా చెరిగిపోవచ్చు. కనుక పాత చిప్‌ను ఒక పరికరంలో ఉంచి, అందులోని 16,384 బైట్లను రెండు మూడు సార్లు చదివి, ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చిందని సరిచూసుకొని, కొత్త చిప్‌లోకి ఎక్కించాలి. లేఖకుడు అక్షరం తప్పితే పండితుడు సందర్భాన్ని బట్టి సవరించుకొనగలడు. ప్రాసెసరుకు ఆ వివేకం లేదు. ఒక్క బిట్టు మారినా అది తప్పు దారిన పోతుంది.

తిరిగి చేయించలేని భాగం కూడా ఒకటున్నది. తెర మీది బొమ్మను సిద్ధం చేసే యు.ఎల్.ఎ. అనే చిప్‌ను ఈ కంప్యూటరు కోసమే ప్రత్యేకంగా ఫెరాంటీ సంస్థ చేత చేయించారు. బజారులో దానికి ప్రత్యామ్నాయం లేదు. ఆ తయారీ ఏనాడో ఆగిపోయింది. పైగా అది పనిచేసేటప్పుడు బాగా వేడెక్కే చిప్. చెడితే మరొక చెడిన బోర్డు నుండి తీసి పెట్టుకోవాలి. లేదా దాని నడవడికను అనుకరించే ఆధునిక చిప్‌ను అమర్చుకోవాలి. అటువంటి అనుకరణ సాధ్యమైనదంటే, ఆ యంత్రపు సర్క్యూటు పటాలు, సాంకేతిక గ్రంథాలు ఆనాడే ముద్రితమై ఎందరి చేతులలోనో మిగిలి ఉండడమే కారణం. వట్టి బోర్డును బతికించేది అసలు ఈ కాగితాలే. ఏ గీత ఎక్కడికి పోతుందో చెప్పే పటం లేని యంత్రాన్ని, అది ఎంత గొప్పదైనా, పునర్నిర్మించడం దాదాపు అసాధ్యం. పాత సంస్థల గదులు ఖాళీ చేసేటప్పుడు యంత్రాలకంటె ముందుగా తూకానికి పోయేవి ఆ కాగితాలే కావడం విచారకరం.

అన్నీ అమర్చిన పిదప స్విచ్చి వేసే ఘడియ వస్తుంది. తెర వెలగకముందే చెవి ఫలితాన్ని పసిగడుతుంది. విద్యుత్తు అందగానే ఈ యంత్రంలోని శబ్దపు చిప్ తనంతట తానే ఒక మంద్రస్వరం పలుకుతుంది. దానిని ఆపేవారు లేకపోతే అది అలాగే మోగుతుంది. ప్రాసెసరు మేల్కొని, రోమ్‌లోని మొదటి ఆదేశాలు చదివి, మెమరీని సరిచూసుకొన్న తరువాత ఆ స్వరాన్ని ఆపి, దానికంటె హెచ్చు స్థాయిలో మరొక చిన్న స్వరం పలికిస్తుంది. మంద్రస్వరం ఆగకుండా సాగితే ప్రాసెసరు ఇంకా నిద్రలోనే ఉన్నదని అర్థం. మళ్ళీ గడియారం దగ్గర నుండి వెదకాలి. రెండు స్వరాలూ వినిపిస్తే, ఆ వెంటనే నల్లని తెర మీద ‘బి.బి.సి. కంప్యూటర్ 32కె’ అన్న తెల్లని అక్షరాలు, వాటి కింద ‘బేసిక్’ అన్న మాట, ఆ కింద బాణపు మొన వంటి గుర్తు, దాని పక్కన మిణుకు మిణుకుమనే చిన్న గీత ప్రత్యక్షమవుతాయి. 32 అన్న అంకె చూసిన తరువాతనే పనిచేసినవారు కుర్చీలో వెనుకకు వాలుతారు. అక్కడ 16 అని కనిపిస్తే మెమరీలో సగం యంత్రానికి అందలేదని అర్థం.

అప్పటికీ పని పూర్తి కాదు. కీబోర్డులోని డెబ్బయికి పైగా మీటలను ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. ఏళ్ళ తుప్పు వలన కొన్ని పలకవు. కొన్ని ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతాయి. చివరగా టేపురికార్డరును తగిలించి, రెండు వరుసల ప్రోగ్రాము ఒకటి రాసి, దానిని క్యాసెట్టులో భద్రపరచమని ఆదేశించాలి. లోపల ఒక చిన్న రిలే టక్కుమంటుంది. టేపు తిరగడం మొదలవుతుంది.